షాఫ్టు ఒకటే, పనులు నాలుగు: తిరుపతి ఇంటి వర్క్‌షాప్‌కు పాత రందా మెషిన్ కొనేముందు చేసిన పరీక్ష

చిత్తూరులో మూతపడ్డ ఒక తలుపుల షెడ్డులో ఉన్న 12 అంగుళాల రందా మెషిన్ ఇది. పైన చెక్కను నున్న చేసే బల్ల, కింద చెక్క మందం సమం చేసే థిక్‌నెస్, షాఫ్టుకు ఒక చివర రంపం, పుల్లీ ఉన్న రెండో చివర బెజ్జాలు వేసే చక్. బాడీ, బల్లలు మొత్తం బీడు ఇనుము. బరువు 400 కిలోల దాకా ఉంటుందని అమ్మేవాళ్ల మాట. కంపెనీ ప్లేటు ఊడిపోయింది, రివెట్ల రంధ్రాలు మిగిలాయి. రెండు వానాకాలాలు అలాగే నిలబడి ఉంది. అడిగిన ధర రూ. 70,000.

కొనేవారి తరఫున మేము చూశాం. వారి షెడ్డు తిరుపతిలో ఇంటి వెనక ఉంది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, రేకుల కప్పు, సింగిల్ ఫేజ్ కరెంటు. కిటికీ రెక్కలు, మంచాలు, పూజామందిరాలు చేసుకోవాలని ఉద్దేశం. వారానికి పది పన్నెండు గంటల పని. చెక్క ఎక్కువగా వేప, మామిడి, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు.

ఇలాంటి మెషిన్‌ను చాలామంది ఎన్ని పనులు చేస్తుందో లెక్కపెట్టి కొంటారు. ఆ లెక్క మోసం చేస్తుంది. నాలుగు పనులకూ తిరిగేది ఆ ఒక్క షాఫ్టే, చెక్క సరిగ్గా రావడానికి ఆధారం ఆ రెండు బల్లలే. అవి దెబ్బతింటే నాలుగు పనులూ కలిసే పోతాయి. అందుకని మన లేత్ షాపుల్లో బాగుచేయించలేని వాటిని ముందు చూడాలి: బల్లల బీడు, కట్టర్ బ్లాక్ (బ్లేడ్లు బిగించి తిరిగే దిమ్మె), షాఫ్టు, బేరింగులు కూర్చునే ఇళ్లు. వాటిలో ఏ ఒక్కటి పోయినా ధర ఎంత తగ్గించినా వెనక్కి తిరిగి రావడమే. మిగతావి డబ్బుతో తేలే విషయాలు, బేరంలో సర్దుకోవచ్చు.

పట్టుకెళ్లిన సామాను: చదును చూసేందుకు మీటరు పొడవు స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్, సందులు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్, సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ అయస్కాంతం స్టాండుతో, మూలమట్టం, మోటారు ఇన్సులేషన్ చూసే 500 వోల్టుల మెగ్గర్, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూపే టాంగ్ టెస్టర్, దూరం నుంచి వేడి చూపే థర్మామీటర్, కిరోసిన్, సుద్దపొడి, గుడ్డలు, సొంతంగా కోయించుకున్న నాలుగు చెక్కలు. అమ్మేవాళ్లు ఇచ్చే చెక్కతో పరీక్ష చేయకూడదు. అది ముందే చదునుగా ఉంటే మెషిన్ లోపం బయటపడదు.

కరెంటు తీసేసి చూసినవి

మొదట కట్టర్ బ్లాక్. ఇది గుండ్రటిదైతేనే మిగతా పరీక్షలు. చాలా పాత మెషిన్లలో నాలుగు పలకల బ్లాక్ ఉంటుంది. దాని మూలల మధ్య ఖాళీ పెద్దది, వేలు జారితే లోపలికి పూర్తిగా లాగేస్తుంది. చేత్తో చెక్క తోసే రందాలకు గుండ్రటి బ్లాకే ఉండాలని బ్రిటన్‌లో 1922 నాటి నిబంధనల్లోనే పెట్టారు. పలకల బ్లాక్ కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. ఈ మెషిన్‌ది గుండ్రటిదే, 95 మి.మీ. వ్యాసం, మూడు బ్లేడ్లు.

బ్లేడ్లు ఊడదీస్తే గాడుల్లో తుప్పు, దానిమీద గట్టిపడ్డ టేకు జిగురు. కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో తోమాక కిందున్న లోహం బాగానే ఉంది. గాడి అంచుల్లో చీలిక కోసం పాత పద్ధతే వాడాం. కిరోసిన్ పూసి పది నిమిషాలు ఆగి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పొడిలోకి ఎక్కి సన్నని తడి గీత కనిపిస్తుంది. బ్లాక్ మీద గీత రాలేదు. అదే పద్ధతిలో బాడీ అంతా చూస్తే బెజ్జాల పక్క బల్లను మోసే బ్రాకెట్టు మీద గీత వచ్చింది. ఎప్పుడో విరిగితే ఇత్తడి అతుకు వేసి పైన పెయింట్ కొట్టారు. ఆ బ్రాకెట్టు లేకపోయినా రందా నడుస్తుంది కాబట్టి దాన్ని బేరం పద్దులో రాసుకున్నాం.

బ్లేడ్లు మూడూ సానకు అరిగి సన్నబడ్డాయి. బ్లేడును గాడిలో బిగించే వెడ్జ్ లోపల పట్టుకునే భాగం 15 మి.మీ. కంటే తగ్గితే ఆ బ్లేడు మళ్లీ ఎక్కించవద్దు. ఇక్కడ ఒకటి 13 మి.మీ.కు వచ్చింది. ఒక్క దాన్ని మార్చడం కుదరదు. మూడింటి బరువూ సమానంగా లేకపోతే బ్లాక్ ఊగుతుంది, బేరింగులు తింటుంది. మొత్తం సెట్టే కొత్తది.

తర్వాత బల్లలు. చెక్క బయటికి వచ్చే వైపు బల్ల మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పొడవుగా, అడ్డంగా, రెండు కర్ణాల మీదా పెట్టి చూస్తే ఎక్కువలో ఎక్కువ 0.08 మి.మీ. గుంత. అంత పాత బీడుకు ఇది చాలా మంచిది. చెక్క పెట్టే వైపు బల్ల సంగతి వేరు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను బయటి వైపు బల్ల మీద ఆనించి, రెండు బల్లలనూ ఒకే ఎత్తుకు తెచ్చి, ఇటు పెట్టి చూస్తే బ్లాక్ దగ్గర తగులుతోంది, చివరికి వెళ్లేసరికి కింద 0.35 మి.మీ. ఫీలర్ దూరుతోంది. అంటే బల్ల చివర కిందికి వాలింది.

ఇలా వాలిన బల్లల మీద అంచు పట్టిన చెక్క నడుమ గుంతపడుతుంది. రెండు చెక్కలు అంచులు కలిపితే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది, చివర్లు తగులుతాయి. బల్లల చివర్లు పైకి లేచి ఉంటే తిరగబడుతుంది: నడుమ తగిలి చివర్లు ఊగుతాయి. ఈ తేడా తెలిస్తే అమ్మేవాళ్ల షెడ్డులో పడి ఉన్న పాత తలుపు చెక్కలు చూసే మెషిన్ రోగం కొంత చెప్పొచ్చు.

వాలడానికి కారణం ఏమిటన్నది ముఖ్యం. బీడే వంగిందా, లేక జారే గాడిలో అరుగుదలా? చెక్క పెట్టే వైపు బల్లను లోతు మార్చినప్పుడల్లా ఏటవాలు గాడిలో పైకీ కిందికీ జరుపుతారు కాబట్టి అరుగుదల అటే ఎక్కువ. చివర పట్టుకుని చేత్తో ఎత్తితే డయల్ ముల్లు 0.30 కదిలింది. చేత్తో కదిలిందంటే బీడు వంగలేదు, గాడిలో ఆట ఉంది. గాడిలో ఆట లేకుండా పక్క నుంచి నొక్కి ఉంచే గిబ్ పట్టీకి స్క్రూలు నాలుగు. వాటిలో రెండు ఒట్టిగా తిరుగుతున్నాయి, లోపల పొట్టు, గ్రీజు కలిసి తారులా అయ్యాయి. పట్టీ తీసి కడిగి, బిగించి మళ్లీ చూస్తే చివర వాలు 0.12కు వచ్చింది. పరీక్ష మొత్తంలో ధర మీద ఎక్కువ ప్రభావం చూపింది ఈ అరగంటే. 0.35 అని అక్కడే వదిలేసి ఉంటే మంచి మెషిన్ చేజారేది. బీడు వంగి ఉంటే మాత్రం లోహం గీసే పెద్ద ప్లానింగ్ మెషిన్ మీద బల్లను గీయించాలి, ఆ ఖర్చు పెట్టి ఇంటి పనికి కొనడం దండగ.

మిగిలిన 0.12ను గాడిలో కింది చివర ఇత్తడి రేకు షిమ్ పెట్టి సరిచేయొచ్చు. రెండు బల్లల మధ్య మెలిక ఉందేమోనని సమానమైన రెండు నిటారు కర్రలను చివరికి ఒకటి చొప్పున అడ్డంగా పెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని కంటితో చూశాం. మెలిక లేదు. చెక్కను ఆనించి తోసే నిలువు పట్టీ, అంటే ఫెన్స్ పక్కన బల్ల కొద్దిగా అరిగింది, 0.15 మి.మీ. సన్న రీపర్లన్నీ అక్కడే తోస్తారు కాబట్టి అది మామూలే. ఫెన్స్‌ను రెండు అంగుళాలు జరిపి వాడితే పోతుంది. బ్లాక్ పక్క పెదవి రెండు చోట్ల 6 మి.మీ. మేర చిట్లింది. దానికి చేసేదేమీ లేదు, సన్న చెక్కల్ని ఆ చోటు మీదుగా తోయకుండా చూసుకోవడమే.

షాఫ్టు, బేరింగులు

డయల్ ముల్లు షాఫ్టు మీద పెట్టి చేత్తో మెల్లగా తిప్పితే బేరింగుల పక్కన 0.03 మి.మీ., రంపం కూర్చునే చోట 0.04. 0.05 దాటితే మేము ఆలోచనలో పడతాం. ఇది నిలబడింది. రంపాన్ని ఆనించే ఫ్లాంజ్ ముఖం మాత్రం 0.08 ఆడుతోంది. ఆ ఫ్లాంజ్ వ్యాసం 80 మి.మీ. అదే వంకర 10 అంగుళాల రంపం అంచుకు వెళ్లేసరికి మూడింతలు దాటి 0.25 మి.మీ. అవుతుంది. రంపం అటూ ఇటూ ఊగుతూ కోత వెడల్పవుతుంది, పక్కలు కాలి నల్లబడతాయి. నట్టు బిగుసుకుంటే సుత్తితో కొట్టి తీసిన గుర్తులు ఫ్లాంజ్ మీదే ఉన్నాయి. దీన్ని షాఫ్టు మీద ఉంచి లేత్‌లో ముఖం తీయించాలి. విడిగా పట్టి తీస్తే వంకర మళ్లీ వస్తుంది.

బేరింగు మూతలు విప్పితే పుల్లీ వైపు 6206, రంపం వైపు 1206 నంబరు బేరింగులు. రెండింటి కొలతలూ ఒకటే, లోపల 30, బయట 62, మందం 16 మి.మీ. ఇంట్లో సరిగ్గా దూరతాయి కాబట్టి దొరికింది వేసేశారు. కానీ స్వభావం వేరు. 1206 తనంతట తాను కాస్త వాలి సర్దుకునే రకం. రెండు ఇళ్లూ వెంట్రుకవాసి వంకరగా ఉన్నా ఓర్చుకుంటుంది. 6206 అంత వాలదు, ఆ వంకర భారమంతా గుండ్ల మీద పడుతుంది. తర్వాత నడిపి చూసినప్పుడు ఇదే వేడిగా బయటపడింది. ఇళ్లలో బయటి రింగు తిరిగిన మెరుపు గీతలు లేవు. ఉండి ఉంటే ఇల్లు అరిగిందని అర్థం, అక్కడితో వెనక్కి వచ్చేవాళ్లం.

వేగం లెక్క

మోటారు ప్లేటు మీద 3 హెచ్‌పీ, 2880 ఆర్‌పీఎం, 415 వోల్టులు, డెల్టా, 4.6 ఆంపియర్లు అని ఉంది. డెల్టా, స్టార్ అనేవి మోటారు లోపలి చుట్లను కలిపే రెండు పద్ధతులు. మెగ్గర్‌లో ఇన్సులేషన్ 8 మెగోమ్‌లు చూపింది. కనీసం 1 ఉండాలి. మోటారు పుల్లీ 5 అంగుళాలు, కట్టర్ పుల్లీ రెండున్నర. 2880ని 5తో గుణించి 2.5తో భాగిస్తే 5760.

“మోటారు మార్చినాం సామీ, స్పీడు బ్రహ్మాండంగా ఉండాది” అని అమ్మేవాళ్లు మెచ్చుకున్న వేగం ఇదే. అదే చిక్కు. మోటారు కింద ప్లేటులో రెండు జతల బోల్టు రంధ్రాలు ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్నవి 140, 125 మి.మీ. దూరాల్లో, ఖాళీగా ఉన్నవి 160, 140 మి.మీ. దూరాల్లో. ఆ ఖాళీ రంధ్రాల కొలత 100 ఎల్ అనే ఫ్రేము (మోటారు బాడీ సైజు)ది, 1440 తిరిగే 3 హెచ్‌పీ మోటారు సాధారణంగా ఆ ఫ్రేములోనే వస్తుంది. బెల్టు కవర్ కూడా 8 అంగుళాల పుల్లీ పట్టేంత పెద్దది. 1440ని 8తో గుణించి 2.5తో భాగిస్తే 4608. మెషిన్ పుట్టినప్పటి వేగం సుమారు అదై ఉంటుంది. ఇప్పటి 5760 దానికి నాలుగో వంతు ఎక్కువ. బ్లేడును బయటికి లాగే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్లు దాటింది. 13 మి.మీ. పట్టు మీద కూర్చున్న బ్లేడుకు ఇది ప్రాణాంతకం.

రంపం దగ్గర ఇంకా స్పష్టం. బిగించి ఉన్న 12 అంగుళాల కార్బైడ్ పళ్ల రంపం మీదే గరిష్ఠం 5000 అని ముద్ర ఉంది. దాన్ని 5760లో తిప్పుతున్నారు. అంచు వేగం సెకనుకు 92 మీటర్లు. పాత మెషిన్ చూడబోయేవాళ్లు మోటారు ప్లేటు, రెండు పుల్లీల వ్యాసాలు, రంపం మీది అంకె, ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాకే స్విచ్ వేయాలి.

దారి సులువుగానే దొరికింది. కట్టర్ పుల్లీని 2.5 నుంచి 3 అంగుళాలకు మారిస్తే వేగం 4800. రెండున్నర అంగుళాల పుల్లీ మీద ‘A’ సెక్షన్ వీ బెల్టు మరీ ఎక్కువగా వంగి త్వరగా పగుళ్లిస్తుంది, ఆ బాధ కూడా తగ్గుతుంది. రంపం 10 అంగుళాలది వేస్తే అంచు వేగం 64 మీటర్లు.

వేగం తగ్గిస్తే నునుపు తగ్గుతుందేమోనని అడుగుతారు. థిక్‌నెస్ రోలర్లకు ఈ మెషిన్‌లో కదలిక కట్టర్ షాఫ్టు నుంచే వస్తుంది. మీటరు దూరం గుర్తు గీసిన చెక్క 8 సెకన్లలో దాటింది, అంటే నిమిషానికి 7.5 మీటర్లు. 5760లో మూడు బ్లేడ్లకు నిమిషానికి 17,280 కోతలు, ఒక్కో కోతకు 0.43 మి.మీ. 4800లో చెక్క నడక 6.25 మీటర్లకు, కోతలు 14,400కు తగ్గుతాయి. భాగిస్తే మళ్లీ అదే 0.43. చేత్తో తోసే రందా మీద మాత్రం కాస్త నెమ్మదిగా తోయాలి.

నడిపి చూసినవి

పాత బ్లేడ్లతో, రంపంతో నడపలేదు. మూడు బ్లేడ్లూ, రంపమూ తీసి, వెడ్జ్‌లు బయట పెట్టి, ఖాళీ బ్లాక్‌ను మొదట పావుగంట తిప్పాం. గది వేడి 33 డిగ్రీలు. రంపం వైపు బేరింగు 48, పుల్లీ వైపు 72. మూత మీద చెయ్యి మూడు సెకన్లు నిలవదు. బెల్టు మరీ బిగుతేమోనని వదులు చేసి మళ్లీ నడిపితే 69కి వచ్చిందంతే. కాబట్టి తప్పు ఆ 6206దే. చెక్క కర్ర ఒక చివర బేరింగు ఇంటికి, రెండో చివర చెవికి ఆనిస్తే అటువైపు గరగర, ఇటువైపు ఒకే తీరు శబ్దం.

చెక్క పరీక్షకు కొత్త బ్లేడ్ల సెట్టు, 3 అంగుళాల పుల్లీ పెట్టుకుని మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. అది లేకుండా కొనేయవద్దు. బ్లేడ్ల ఎత్తు కర్రతో చూడాలి. నిటారు కర్రను బయటి బల్ల మీద పెట్టి బ్లాక్‌ను చేత్తో తిప్పితే బ్లేడు దాన్ని కాస్త ముందుకు ఈడుస్తుంది. ప్రతి బ్లేడు రెండు చివర్లా ఆ ఈడ్పు 3 మి.మీ. రావాలి. ఒకటి 8, మిగతావి 3 ఈడిస్తే పని చేసేది 8 ఈడ్చే ఆ ఒక్క బ్లేడే, మిగతా రెండూ గాలి కోస్తాయి. వెడ్జ్ బోల్టులు నడుమ నుంచి చివరలకు, మూడు విడతల్లో బిగించాలి. బ్లాక్ గుండ్రం నుంచి బ్లేడు 1.1 మి.మీ. కంటే బయటికి రాకూడదు.

మూడడుగుల మామిడి చెక్కలు రెండింటి అంచులు పట్టి, ఒకదాన్ని తిప్పి రెండోదానికి ఆనించి దీపం ముందు పెడితే నడుమ సన్నని వెలుతురు, ఫీలర్‌కు 0.10 అందింది. షిమ్ పెట్టాక పోవాల్సిన లోపం అది. చెక్క చివర రెండంగుళాల్లో చిన్న గుంత కూడా వచ్చింది. బయటి బల్ల బ్లేడు కంటే కిందికి ఉంటే వచ్చే గుంత ఇది. చెక్క వెనక చివర లోపలి బల్లను వదలగానే కిందికి దిగి ఎక్కువ కోసుకుంటుంది. బల్లను కాగితం మందం లేపితే పోయింది. ఎక్కువ లేపితే చెక్క ముందు అంచు బల్లకు తగిలి ఆగిపోతుంది.

వేప చెక్కను థిక్‌నెస్‌లోకి వదిలితే ఎడమ, కుడి అంచుల మందంలో 0.6 మి.మీ. తేడా. కింది బల్లను రెండు స్క్రూలు, వాటిని కలిపే గొలుసు ఎత్తుతాయి. స్క్రూ ఒక చుట్టుకు 4 మి.మీ., గొలుసు చక్రానికి 20 పళ్లు. అంటే ఒక పన్ను 0.2 మి.మీ. గొలుసు వదులు చేసి ఒక చక్రాన్ని మూడు పళ్లు తిప్పి మళ్లీ ఎక్కిస్తే తేడా పోయింది. గొలుసు ఎప్పుడో జారి ఉంటుంది. చాలామంది దీనికి బ్లేడ్లను ఏటవాలుగా పెట్టి సర్దుతారు. అప్పుడు పై రందా చెడిపోతుంది.

చెక్క వెనక్కి ఎగరకుండా ఆపే పళ్లు వరుసగా వేలాడాలి, వేలితో ఎత్తి వదిలితే వాటంతట అవే పడాలి. ఇక్కడ సగం జిగురుకు అతుక్కుని పైకే నిలిచిపోయాయి, రెండు అసలు లేవు. కిరోసిన్‌తో కడిగి పొడిగా వదలాలి. నూనె పోస్తే పొట్టు పట్టి మళ్లీ నిలిచిపోతాయి. రోలర్ల మధ్య దూరం 9 అంగుళాలు కాబట్టి అడుగు కంటే పొట్టి ముక్క లోపలికి వదలకూడదు. చెక్క బొమ్మలకు పేరున్న మాధవమాల ఊళ్లో బొమ్మలు చెక్కడానికి వాడేలాంటి చిన్న దిమ్మెలు కావాలంటే పొడవు చెక్కగానే మందం తీసి తర్వాత ముక్కలు చేసుకోవాలి.

రంపం, బెజ్జం ఎందుకు పక్కన పెట్టాం

రందా పట్టేటప్పుడు రంపం కూడా తిరుగుతూనే ఉంటుంది. షాఫ్టు ఒకటే కదా. మనిషి దృష్టి చెక్క మీద ఉంటుంది, పక్కనే రంపం 4800లో తిరుగుతుంది. అందుకని రందా పనికి ముందు రంపం తీయాలి, కోతకు ముందు మళ్లీ ఎక్కించాలి, ఫెన్స్ మార్చాలి, మూలమట్టం చూడాలి. ప్రతి మార్పుకు పావుగంట. ఇంట్లో ఒక్కరే పనిచేసేటప్పుడు నాలుగోసారికి ఓపిక పోతుంది, రంపం తీయకుండా రందా పడతారు. వేళ్లు పోయేది అప్పుడే.

ఈ రంపానికి వెనక చీలిక కత్తి కూడా లేదు. కోసిన చెక్క మూసుకుని రంపం వెనక పళ్లను పట్టుకుంటే ముక్క ఎదురు ఎగురుతుంది. కత్తి చేయించాలంటే దాని మందం రంపం రేకు కంటే ఎక్కువ, కోత కంటే తక్కువ ఉండాలి. రేకు 2 మి.మీ., కోత 3 మి.మీ. అయితే కత్తి రెండున్నర. పళ్లకు 3 నుంచి 8 మి.మీ. దూరంలో నిలవాలి.

బెజ్జం వైపు చక్‌లో మామూలు గిర్మిట్ బిట్టు పెట్టడం చాలా ప్రమాదం. మొనకు మర ఉన్న బిట్టు ఈ వేగంలో చెక్కను తనలోకి లాక్కుంటుంది, అతుకు పడ్డ బ్రాకెట్టు దాన్ని ఆపలేదు. చక్ తీసి షాఫ్టు కొనకు మూత వేయించమన్నాం. బెజ్జాలకు చేతి డ్రిల్లు, ఉలి చాలు.

మా సిఫారసు: దీన్ని 12 అంగుళాల రందా, థిక్‌నెస్‌గా లెక్కగట్టి కొనండి. రంపానికి చీలిక కత్తి, కవర్ చేయించి ఉంచుకోండి, దాన్ని పొడవు చీల్పుల రోజున మాత్రం ఎక్కించండి. అడ్డకోతలకు చిన్న చేతి రంపం మెషిన్ విడిగా ఉండాలి. దుంగలు కోయడం మొదలుపెడితే అటవీ శాఖ అనుమతుల విషయం వస్తుంది, రేంజ్ ఆఫీసులో ముందే అడగాలి. శేషాచలం పక్కన ఉంటున్నాం కాబట్టి ఇంకో మాట: కాగితాలు లేని ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా షెడ్డులోకి రానివ్వవద్దు.

కరెంటు

సింగిల్ ఫేజ్ ఇంట్లో ఈ మోటారు ఎలా అన్నది అసలు ప్రశ్న. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే చిన్న డ్రైవ్ (వీఎఫ్‌డీ) పెడితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. 230 వోల్టులు తీసుకునే మామూలు డ్రైవ్ 230 కంటే ఎక్కువ ఇవ్వలేదు. ఈ మోటారు 415కు డెల్టాలో కట్టినది, ఇంకా తగ్గించి కట్టే వీల్లేదు. 230తో పూర్తి బలం సుమారు 28 హెర్ట్జ్ వరకే ఉంటుంది, అంటే 1600 ఆర్‌పీఎం. ప్లేటు మీద 415 స్టార్ అని ఉండి, ఆరు తీగలూ బయటికి వచ్చి ఉంటే డెల్టాకు మార్చి అదే డ్రైవ్‌తో నడపొచ్చు. ఆ ఒక్క మాట కోసం టెర్మినల్ మూత విప్పి చూడాలి.

కొత్త 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పెట్టొచ్చు, కానీ అది నడకలోనే 16 ఆంపియర్ల పైమాటే లాగుతుంది, స్టార్టింగ్‌లో కొన్ని రెట్లు. ఇంటి లైట్లు ప్రతిసారీ మసకబారతాయి, నాలుగు చదరపు మి.మీ. రాగి తీగ విడిగా లాగాలి. ఉన్న మోటారు బాగున్నప్పుడు కరెంటు సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్‌కు అర్జీ పెట్టి త్రీ ఫేజ్ తీసుకోవడమే మేలని నిర్ణయించాం.

స్విచ్ సంగతి ఇంకా ముఖ్యం. మెషిన్‌కు ఉన్నది ఫ్యూజులతో ఇనుప పెట్టె స్విచ్. కరెంటు పోయి వస్తే మెషిన్ దానంతట అదే తిరుగుతుంది. కరెంటు లేదని బ్లాక్ మీద పొట్టు దులుపుతున్న చెయ్యి అక్కడే ఉంటుంది. బటన్లతో నడిచే డీఓఎల్ స్టార్టర్ పెడితే కరెంటు పోగానే లోపలి కాంటాక్టర్ (అయస్కాంతం స్విచ్) వదిలేస్తుంది, మళ్లీ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఓవర్‌లోడ్ రిలే 4.6 మీద ఉంచాలి. ఒక ఫేజు పోతే మోటార్లు కాలడం మన దగ్గర బోర్ల రైతులందరికీ తెలిసిందే, అప్పుడు మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఇక్కడా పెట్టాలి. ఆపే ఎర్ర బటన్ మోకాలికి అందే ఎత్తులో ఉండాలి, రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు అదొక్కటే దిక్కు.

ధర, బిగింపు

అతుకు బ్రాకెట్టు, 6206, అరిగిన బ్లేడ్లు, వంకర ఫ్లాంజ్, లేని కవర్లు, మితిమీరిన వేగం. ఒక్కొక్కటీ చూపించి, కాగితం మీద అంకెలతో మాట్లాడితే రూ. 48,000కు తెగింది. తర్వాత పెట్టిన ఖర్చు: 1206 బేరింగులు రెండు 1,400, బ్లేడ్ల సెట్టు 2,700, పుల్లీ, బెల్టులు 1,500, స్టార్టర్, ప్రివెంటర్, బటన్, తీగ 6,800, లేత్ పని, షిమ్‌లు 2,500, చీలిక కత్తి, కవర్లు 4,200, దింపుడు, రవాణా 6,500, కాంక్రీటు బెడ్డు, బోల్టులు 3,400. కలిపి 29,000. మొత్తం రూ. 77,000, త్రీ ఫేజ్ ఖర్చు విడి.

చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కి.మీ. చిన్న ట్రక్కు సరిపోయింది. తాడు బాడీ కిందే వేయాలి. బల్లల చివర్లకు వేసి ఎత్తితే, కష్టపడి సరిచేసిన గాడి అక్కడే చెడుతుంది. బల్లలు దించి విడిగా తేవాల్సిన అవసరం రాలేదు, గిబ్ పట్టీ బిగించి, బల్లను పూర్తిగా కిందికి దించి తెచ్చారు.

షెడ్డులో దాన్ని గోడ పక్కన కాక కర్ణం మీద పెట్టాం. ఏడడుగుల ద్వారబంధం చెక్క తోయాలంటే బ్లాక్‌కు అటు ఏడు, ఇటు ఏడు అడుగులు, మనిషికి ఇంకో రెండు కావాలి. 18 అడుగుల షెడ్డులో కర్ణం మీదే అది హాయిగా కుదురుతుంది. నాలుగు అంగుళాల కాంక్రీటు మీద రబ్బరు ప్యాడ్లు, రసమట్టంతో చూసి బోల్టులు. బోల్టు బిగించేటప్పుడు ఒక కాలు కింద ఖాళీ ఉంటే బాడీ మెలిక తిరిగి బల్లలు మళ్లీ తప్పుతాయి, కాబట్టి బిగించాక స్ట్రెయిట్ ఎడ్జ్ మళ్లీ పెట్టాలి. ఇక్కడ ఒక కాలు కింద 1 మి.మీ. రేకు పెట్టాల్సి వచ్చింది.

బల్లల మీద ఇంజన్ ఆయిల్ రాయవద్దు. చెక్కకు అంటి పాలిష్ పట్టదు. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో వారానికోసారి ఫర్నిచర్ మైనం రుద్ది, పని లేనప్పుడు గోనెపట్టా కాకుండా పొడి నూలు గుడ్డ కప్పాలి. గోనె తేమ పట్టి ఉంచుతుంది.

బిగించాక చివరి కొలతలు: రెండు బేరింగులూ అరగంటకు 47, 49 డిగ్రీలు. ఖాళీగా 2.4 ఆంపియర్లు, 9 అంగుళాల వేపచెక్క మీద ఒక మి.మీ. లోతుకు 4.1. మూడడుగుల అంచులు కలిపితే 0.05 ఫీలర్ దూరలేదు. గిబ్ స్క్రూల్లో ఒట్టిగా తిరిగిన రెండింటికి కొత్త మరలు వేయించి లాక్ నట్లు పెట్టాం. నలభై గంటల పని తర్వాత వాటినే మొదట చూడమని బెల్టు కవర్ లోపలి వైపు పెయింటుతో రాసి ఉంచాం.